సాయంత్రం ఐదు తరవాత ఐనోకురా



జపాన్‌లో ఐనోకురా అని ఒక కొండపల్లె ఉంది. ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లు పొద్దున ఎనిమిదిన్నర తరవాత రావాలి, సాయంత్రం ఐదింటికల్లా వెళ్లిపోవాలి. ఐదు దాటాక అక్కడ మిగిలేవాళ్లు రెండే రకాలు. ఒకరు ఆ ఊళ్లో కాపురముండేవాళ్లు, రెండోవారు ఆ రాత్రికి ఏదో ఒక ఇంట్లో గది మాట్లాడుకున్నవాళ్లు. నేను రెండో రకంగా అక్కడ ఉండి వచ్చాను. భాష రాని పరదేశికి ఒక పల్లెటూరి బసలో ఎలాంటి మర్యాద దొరుకుతుందో, అందులో మన తెలుగువాళ్లకు ఏది వెంటనే నచ్చుతుందో, ఏది కాస్త కొరుకుడు పడదో ఇవాళ మీతో చెప్పుకుంటాను.

ముందు ఊరెక్కడుందో చెప్పాలి. టోక్యోలో షింకన్‌సేన్ రైలెక్కి, జపాన్ సముద్రం వైపున్న తోయామా ప్రిఫెక్చర్‌లో షిన్ తకావోకా అనే స్టేషన్లో దిగాలి. ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం లాంటిదనుకోండి. అక్కణ్ణించి బస్సు. కొండల్లోకి దాదాపు గంట ప్రయాణం. ఆ కొండ ప్రాంతాన్ని గొకాయామా అంటారు. ఐనోకురా, సుగనుమా అనే అక్కడి రెండు పల్లెలనూ, పక్క ప్రిఫెక్చర్‌లో ఉన్న షిరకవాగో ప్రాంతంలోని ఒగిమాచినీ కలిపి 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. షిరకవాగోకు బస్సులకు బస్సులు జనం వస్తారు. ఐనోకురా చిన్నది. పాతకాలపు గడ్డి కప్పు ఇళ్లు ఇరవై పైచిలుకు ఉంటాయి. వాటిలో కొన్నింట్లో బస ఉంది.

ఆ కప్పుల గురించి రెండు మాటలు. చేతులు జోడించి నమస్కారం పెట్టినట్టు నిటారుగా ఉంటాయి, వాలు అరవై డిగ్రీల దాకా ఉంటుంది. అక్కడ చలికాలంలో మనిషి మునిగేంత మంచు కురుస్తుంది. కప్పు చదునుగా ఉంటే ఆ బరువుకు ఇల్లు కూలుతుంది. పైకప్పు దూలాలకు ఇనుప మేకులు కొట్టరు. తాళ్లతోనూ, నలగ్గొట్టి మెత్తబరిచిన పచ్చి కొమ్మలతోనూ బిగించి కడతారు. గాలి వీచినా, మంచు పేరుకున్నా ఆ కట్లు కొంచెం సాగి మళ్లీ సర్దుకుంటాయి. ఇంటి మధ్యలో నేలలోకి దింపి కట్టిన చదరపు పొయ్యి ఉంటుంది, దాన్ని ఇరోరి అంటారు. దాని పొగ పైకి పాకి గడ్డినీ తాళ్లనూ పురుగు పట్టకుండా కాపాడుతుంది. పై అంతస్తుల్లో ఒకప్పుడు పట్టుపురుగులు పెంచేవాళ్లు. నేల కింద గోతుల్లో మట్టీ, ఆకులూ, పట్టుపురుగుల పెంటా పొరలు పొరలుగా వేసి ఏళ్ల తరబడి మాగబెట్టి సురేకారం తీసేవాళ్లు. తుపాకిమందుకు కావలసిన ఆ సురేకారం కనజావాలో ఉండే కాగా ప్రభువులకు వెళ్లేది. ఆ ప్రభువులే తమకు గిట్టనివాళ్లను ఈ కొండల్లోకి ప్రవాసం పంపేవాళ్లు. అలా వచ్చినవాళ్లు పారిపోకుండా షో నది మీద వంతెన కట్టనిచ్చేవాళ్లు కాదు. ఊరివాళ్లు సైతం తాడుకు వేలాడే తట్టలో కూర్చుని నది దాటాల్సివచ్చేది. ఒకప్పుడు రాకపోకలు లేకుండా కట్టుదిట్టం చేసిన చోటు ఇప్పుడు బయటివాళ్లు వచ్చి పడుకుంటే తప్ప నిలవలేని స్థితిలో ఉంది. చరిత్రకు ఇలాంటి వేళాకోళాలు సరదా.

ఇలా ఒక కుటుంబం తమ ఇంట్లోనే నడిపే బసను మిన్‌షుకు అంటారు. రియోకాన్లు అనే పెద్ద పెద్ద సంప్రదాయ బసలు వేరు. అక్కడ కిమోనో కట్టిన పనివాళ్లు గదికే భోజనం తెస్తారు, పక్క వేస్తారు, ఖర్చు కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. మిన్‌షుకులో వండేది ఇంటావిడ, వడ్డించేది ఇంటావిడ, బిల్లు రాసేది కూడా చాలాసార్లు ఆవిడే. డబ్బు గదికి కాదు, మనిషికి లెక్క. ఒక రాత్రి పడకా, రాత్రి భోజనం, పొద్దుటి భోజనం, మూడూ కలిపి ఒకటే ధర.

టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి కొడుకు నా తరఫున ఐనోకురాలో అలాంటి ఒక ఇంటికి ఫోన్ చేశాడు. మర్యాద సంగతి చెప్పాలంటే నేను ఆ ఫోన్ కాల్ దగ్గర కాస్త ఆగాలి. మా వాడు గది దొరుకుతుందా అని అడిగి రెండు నిమిషాల్లో పెట్టేస్తాడనుకున్నాను. ఎంతకీ తెమలదే! ఇంటావిడ ప్రశ్న మీద ప్రశ్న వేస్తోంది, మా వాడు ఫోన్ చేత్తో మూసి నన్నడుగుతున్నాడు.

"పెద్దమ్మా, మాంసం, చేపా తినదు సరే, గుడ్డు తింటుందా అంటోంది."

"వద్దని చెప్పు నాయనా."

"ఎండు చేప తురుము వేసి కాచిన నీళ్లు ఉంటాయి కదా, పులుసుల్లో వాడేవి. అది కూడా తగలకూడదా అంటోంది."

ఇది మామూలు ప్రశ్న కాదండీ. జపాన్ వంటకు ప్రాణం ఆ చారునీళ్లలో ఉంది. దాషి అంటారు. బొనిటో అనే చేపను ఎండబెట్టి, చెక్క పేళ్లలా తురిమి, వేడినీళ్లలో వేసి వడగడతారు. కూరల్లో, సూపుల్లో, ఆఖరికి నంజుకునే పులుసులో కూడా అదే. పళ్లెంలో ముక్క కనపడదు కాబట్టి శాకాహారమే అనుకుని తినేవాళ్లు ఎందరో. అడిగితే 'చేప లేదండీ' అని నిజాయితీగానే చెబుతారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో ఆ నీళ్లు చేప కాదు. ఈ ఇంటావిడ మాత్రం తనే ముందుగా ఆ సంగతి ఎత్తింది. సముద్రపు నాచు కొంబూతోనూ, ఎండు పుట్టగొడుగులతోనూ చారునీళ్లు కాస్తాను, పుట్టగొడుగులకు అభ్యంతరం లేదు కదా అని అడిగింది. తరవాత ఏ బస్సుకు దిగుతారు, ఎన్నింటికి దిగుతారు, మోకాళ్ల నొప్పులున్నాయా, కింద కూర్చోగలరా, మెట్లెక్కగలరా అన్నీ అడిగింది. పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

నా కోసం ఆవిడ కొత్తగా ఏదో కనిపెట్టింది అనుకోకండి. గొకాయామా జనం జోదో షిన్‌షూ అనే బౌద్ధ శాఖకు చెందినవాళ్లు. ఆ శాఖ మూలపురుషుడు షిన్రాన్ స్మృతిదినాలకు హోఓన్‌కో అని ఒక విందు చేస్తారు. ఎర్రటి లక్క పూసిన గిన్నెల్లో కొండ ఆకుకూరలూ, దుంపలూ, సోయా పన్నీరూ వడ్డిస్తారు. నీచు తగలనివ్వరు. ఇంకో సంగతి. తోయామావాళ్లకు కొంబూ అంటే మక్కువ. అది అక్కడ పండేది కాదు, ఉత్తరాన హొక్కాయిదో నుంచి ఒకప్పుడు సరకు ఓడల్లో వచ్చేది. ఆ వర్తకం వల్ల కొండల మీది వంటిళ్లలోకి సముద్రపు నాచు వచ్చిపడింది. అంచేత నాలాంటి అతిథికి పెట్టవలసిన వంట ఆ ఊరికి ఎప్పటినుంచో చేతనవును. ముందు చెబితే చాలు.

సాయంత్రం బస్సు దిగి పైకి నడిచేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. నడుం వంచి నమస్కరించింది, నా పెట్టె అందుకోబోయింది, నేనివ్వలేదు. ఇల్లు చేరగానే చెప్పులు కింద మెట్టు దగ్గర విడిచి పైకెక్కాలి. మనకు కొత్తేమీ కాదు. లోపల తిరగడానికి వేరే చెప్పులిస్తారు, చాపలు పరిచిన గది గుమ్మంలో వాటినీ వదిలెయ్యాలి. మరుగుదొడ్డి గుమ్మం లోపల ఇంకో జత ఉంటుంది, అది ఆ గది దాటి బయటికి రాకూడదు. మడీ ఆచారం పాటించిన మా అమ్మమ్మ ఆ ఏర్పాటు చూసుంటే జపానుకు మనసులోనే ఒక దణ్ణం పెట్టుకునేది. పాస్‌పోర్టు అడిగి నంబరు రాసుకుని, నకలు తీసుకున్నారు. అక్కడ నివాసం లేని విదేశీయులు బస చేస్తే అలా చెయ్యడం రూలు. అనుమానమేమో అని నొచ్చుకోనక్కర్లేదు.

టీ ఇచ్చాక ఆవిడ చెప్పిన మొదటి మాట స్నానం. రెండో మాట ఆరింటికి భోజనం. ఆరు అంటే ఆరే.

స్నానం దగ్గర మనవాళ్లు జంకుతారు. ఇంట్లో ఉన్నది ఒకే తొట్టి, వేడినీళ్లు నింపి ఉంచుతారు, అతిథులు వంతులవారీగా దిగుతారు, నీళ్లు మార్చరు. ఛీ అనకండి. తొట్టి బయట చిన్న పీట మీద కూర్చుని, సబ్బు రాసి, నెత్తి మీది నుంచి కాళ్ల దాకా రుద్ది కడుక్కున్నాకే అందులో దిగాలి. తొట్టి ఒళ్లు తోముకోవడానికి కాదు, నానడానికి. మనకు ఎంగిలి ఎలాంటిదో వాళ్లకు ఆ నీళ్లను మాపడం అలాంటిది. నీళ్లు నలభై డిగ్రీలు దాటే ఉంటాయి. మొదటి నిమిషం ఓర్చుకుంటే తరవాత లేవబుద్ధి కాదు. బయటికొచ్చాక యుకాటా అనే నూలు అంగీ కట్టుకోవాలి, ఎడమ అంచు కుడి మీదికి రావాలి. తారుమారైతే అది శవానికి కట్టే పద్ధతి.

ఇప్పుడు భోజనం. ఇరోరి చుట్టూ పీటల్లాంటి చిన్న బల్లలు. ఆ రాత్రి నాతో పాటు ఒసాకా నుంచి వచ్చిన రిటైరైన దంపతులూ, ఒంటరిగా తిరుగుతున్న ఒక ఫ్రెంచి అమ్మాయీ ఉన్నారు. వాళ్లకు నిప్పుల చుట్టూ పుల్లలకు గుచ్చి ఉప్పు రాసిన వాగు చేపలు కాలుతున్నాయి. ఇవానా అంటారు వాటిని. నా వైపు నిప్పుల దగ్గర అవే పుల్లలకు గుచ్చి సోయా పన్నీరు ముక్కలు నిలబెట్టి ఉన్నాయి, మీద మిసో అనే సోయా ముద్ద పులిమి. గొకాయామా తోఫూ, అంటే ఆ సోయా పన్నీరు, గట్టిదని పేరు. తాడు కట్టి వేలాడదీసి మోసుకుపోవచ్చని చెప్పుకుంటారు. మిగతావాళ్లకు చేప కాలుతుంటే నాకు వేరే మూల పళ్లెం పెట్టి పక్కన కూర్చోబెట్టలేదన్నమాట. అదే నిప్పు, అదే పుల్ల, అదే వేళ. ఆ ఇంటి మర్యాదంతా నాకు ఆ పుల్లల్లో కనపడింది. ఇంకా కొండ ఆకుకూరల బజ్జీలు, ఎర్ర ముల్లంగి లాంటి దుంపతో పచ్చడి, పుట్టగొడుగుల చారు, తోయామా బియ్యపు అన్నం. ఉప్పు మనకన్నా తక్కువ, కారం అసలు లేదు. నా సంచీలో గోంగూర పచ్చడి ఉంది. తియ్యలేదు. నోటికి చప్పగా ఉందని కాదు, ఆవిడ ఫోన్‌లో అన్ని ప్రశ్నలు అడిగాక దాని మీద నా పచ్చడి కలపడం భావ్యం కాదనిపించింది.

నాకు కొరుకుడు పడనిది ఇక్కడే ఉంది. ఆవిడ అన్నం ఉన్న చెక్క గిన్నె నా చేతికందేలా పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది. 'ఇంకొంచెం' లేదు. 'మొహమాటపడకండి' లేదు. 'ఇదేం తిండి, పిచ్చుక తిన్నట్టు' అన్న మాట అసలే లేదు. మన ఊళ్లలో విస్తరి ముందు నిలబడి, చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసే అత్తయ్యల మధ్య పెరిగినదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ కొసరి వడ్డింపు లేక నాకు అన్నం సగమే దిగినట్టనిపించింది.

మనకూ ఇలా డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇళ్లుండేవి. మన పూటకూళ్ల ఇళ్లు ఇవే కదా! వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామంలో కాకతీయుల నాటి ఓరుగల్లు కనపడుతుంది. అందులో ఒక పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు ఏమేం పెట్టేవాళ్లో లెక్క ఉంది. సువాసన బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. డబ్బిచ్చి తిన్నది కూడా విందులా చెప్పుకునే జాతి మనది. కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ దగ్గరికొచ్చేసరికి ఆ వృత్తికి చులకన అంటుకుంది. తరవాత హోటళ్లొచ్చాయి, ఆ ఇళ్లు పోయాయి. జపాన్ పల్లెల్లో ఆ పద్ధతి చట్టంలోకి ఎక్కి బతికింది. 1948 నాటి బసల చట్టం కింద చిన్న ఇళ్లకు కూడా వేరే తరగతి ఉంది. లైసెన్సు, పరిశుభ్రత తనిఖీ, అన్నీ ఉంటాయి. ఇంటావిడ చేతి వంటకు సర్కారు ముద్ర ఉంటుందన్నమాట.

మన వడ్డింపుకూ వాళ్ల వడ్డింపుకూ తేడా ఎక్కడుందో నాకు రాత్రి పక్క మీద పడుకున్నాక తట్టింది. మనం అతిథి వచ్చాక అడుగుతాం. వాళ్లు రాకముందే అడుగుతారు. వచ్చాక అడగడమంటే వాళ్ల దృష్టిలో అతిథిని ఇబ్బంది పెట్టడం. కాబట్టి అక్కడ అతిథికి కూడా బాధ్యతలున్నాయి. ముందుగా నిజం చెప్పాలి, చెప్పిన వేళకు రావాలి, వండినది తినాలి. నలుగురి లెక్కకు నాలుగు చేపలే తెస్తారు, ఐదోది ఉండదు. మన ఇళ్లలో అనుకోకుండా వచ్చిన చుట్టానికి కూడా ఒక ముద్ద ఉంటుంది, ఆ ఇంట్లో ఉండదు. ఏది గొప్ప అంటే నేను మనదే అంటాను, అందులో నాకు మొహమాటం లేదు. కానీ పరదేశిగా, భాష రానిదాన్నిగా, తినకూడనివి పది ఉన్నదాన్నిగా వెళ్లినప్పుడు వాళ్ల పద్ధతే నన్ను కాపాడింది. ఏ పదార్థం దగ్గరా 'ఇందులో ఏముంది' అని నేను అడగాల్సిన అవసరం రాలేదు.

భోజనాల తరవాత ఆవిడ గోడకు తగిలించి ఉన్న వాయిద్యం తీసింది. సన్నటి చెక్కముక్కలు నూట ఎనిమిది తాడుకు గుచ్చి ఉంటాయి. రెండు చేతుల్తో పట్టుకుని విదిలిస్తే అల లాగా ఒకదానికొకటి తగిలి 'జర్ర్' మంటుంది. కొకిరికో అనే అక్కడి జానపదానికి దాన్ని వాయిస్తారు. జపాన్‌లోని జానపదాల్లో ఆ పాట బాగా పాతదని చెబుతారు. సెప్టెంబర్ 25, 26 తేదీల్లో దగ్గర్లోని కమినాషి గుడి దగ్గర దాని ఉత్సవం జరుగుతుంది. ఒసాకా పెద్దాయన ప్రయత్నించాడు, శబ్దం రాలేదు. అందరం నవ్వాం. ఇవానా చేపను సాకే అనే బియ్యపు మద్యంలో వేసి వేడిగా ఇచ్చిన గిన్నె ఒకటి వాళ్ల మధ్య చేతులు మారింది. నేను టీ తాగాను.

గదికి తాళం లేదు. గోడలు కాగితం, చెక్క, జరిపే తలుపులు. పక్క గదిలో ఫ్రెంచి అమ్మాయి దగ్గితే నాకు వినపడింది. నా గురక వాళ్లకు వినపడే ఉంటుంది. చలికాలంలో ఆ ఇళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉంటాయని కూడా చెప్పాలి. వారసత్వం అని మనం ముచ్చటపడే చోట వాళ్లు ఏడాదిలో నాలుగైదు నెలలు వణుకుతూ బతకాలి. గడ్డి కప్పు పదిహేను ఇరవై ఏళ్లకోసారి మార్చాలి. పూర్వం ఊరు ఊరంతా కలిసి ఒక్కొక్క ఇల్లు కప్పేవాళ్లు. ఇప్పుడు అంతమంది చేతులు ఊళ్లో లేవు. గవర్నమెంటు సాయం ఉంది గనక సాగుతోంది. నిప్పు భయం సరేసరి. ఊరంతా ఎండుగడ్డే కదా! కప్పుల మీదికి నీళ్లు చిమ్మే ఏర్పాట్లు అక్కడక్కడా దాచిపెట్టి ఉంచారు.

పొద్దున నేనే నా పరుపు మడిచాను, మిన్‌షుకులో అది అతిథి పనే. డబ్బు నగదుగా ఇచ్చాను, కార్డు తీసుకోరు. పైన బక్షీస్ ఇవ్వబోతే వాళ్లు తీసుకోరని మా వాడు ముందే హెచ్చరించాడు. జపాన్‌లో ఆ అలవాటు లేదు.

ఆవిడ పిల్లలు కనజావాలోనో ఇంకెక్కడో ఉంటారు. తరవాత ఈ బస ఎవరు నడుపుతారు అని అడిగాను. తెలియదని నవ్వింది. పగలు వచ్చి ఫొటోలు తీసుకుని పోయే జనం ఒక ఐస్‌క్రీమ్ కొంటారు. రాత్రి ఉండేవాడి డబ్బే ఇంటివాళ్లకు చేరుతుంది. ఆవిడను బాధపెట్టే సంగతి ఇంకోటుంది. విదేశీయులు కొందరు గది మాట్లాడుకుని, ఆ పూట చెప్పకుండా మానేస్తారట. మనవాళ్లు కూడా ఉన్నారేమో నేను అడగలేదు. అప్పటికే వాగు చేపలు తెచ్చి, ఆకుకూరలు కోసి ఉంటుంది. పెద్ద హోటల్‌కు అది ఒక ఖాళీ గది. ఆవిడకు ఆ రోజు కష్టమంతా వృథా.

జపాన్‌లో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలూ ఉన్నారు. వెళ్తే టోక్యో, ఫుజీ కొండతో సరిపెట్టకండి. ఒక రాత్రి ఇలాంటి ఊళ్లో ఉండండి. ఏం తినరో గది మాట్లాడేటప్పుడే వివరంగా చెప్పించండి, చారునీళ్ల సంగతి మరిచిపోవద్దు. జేబులో నగదు ఉంచుకోండి. వెళ్లలేకపోతే ముందు రోజుకన్నా ముందే ఫోన్ చెయ్యండి. బయల్దేరితే మాత్రం ఐదు లోపే ఊరు చేరుకోండి, భోజనం ఆరింటికి.